హైదరాబాద్‌లో ఏఏ మీటింగ్: వెతకడం నుంచి వెళ్లి కూర్చోవడం దాకా

తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే ఏఏ మీటింగుల్లో దేనికి వెళ్తే మంచిదని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: రోజూ తాగడం ఎన్నింటికి మొదలుపెడతారు? ఆఫీసు నుంచి వస్తూ ఏడున్నరకి వైన్స్ దగ్గర బండి ఆపే అలవాటున్న మనిషికి ఆదివారం పొద్దుటి మీటింగ్ ఎంత మంచిదైనా సగమే పనికొస్తుంది. ఆ ఏడున్నరకే ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని ఉండాలి. మిగతా ఎంపికలన్నీ దాని తర్వాతే.

నేను తాగను. మా మేనమామ వెంట కొన్నేళ్లు, బయటివాళ్లనీ రానిచ్చే ఓపెన్ మీటింగులకి వెళ్లాను. ఆ తర్వాత తెలిసినవాళ్లు, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడుగుతుంటారు. అందరికీ చెప్పేది ఒకేచోట రాస్తే నయమని ఇది రాస్తున్నాను.

ముందు ఒళ్లు సంగతి చూసుకోండి

ఏళ్ల తరబడి రోజూ తాగుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేసి నేరుగా మీటింగ్‌కి వెళ్లకూడదు. ముందు డాక్టర్ని కలవాలి. ఇది జాగ్రత్త కోసం చెప్పే మామూలు మాట కాదు, ప్రాణం మీదికి వచ్చే విషయం. చివరి పెగ్గు తర్వాత కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. లేనివి కనిపిస్తాయి, ఎక్కడ ఉన్నారో తెలియదు, జ్వరం వస్తుంది. అలా కనిపిస్తే మజ్జిగ తాగించి పడుకోబెట్టడం కాదు, 108కి ఫోన్ చేయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి వైన్ షాపులు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూసేసినప్పుడు ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం ఎలా వచ్చిపడ్డారో గుర్తుండే ఉంటుంది. అదంతా ఈ విత్‌డ్రాయలే, అంటే తాగుడు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు పడే బాధే. కల్లు తాగేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి మత్తుమందులు కలుపుతారు. మనిషి తాగేది కల్లే అనుకుంటాడు, ఒళ్లు మాత్రం ఆ మాత్రలకి కూడా అలవాటు పడిపోతుంది. డాక్టర్ దగ్గర "నేను తాగేది కల్లు" అని విడిగా చెప్పండి. దాన్నిబట్టి వైద్యం మారుతుంది.

ఎక్కడికి వెళ్లాలి? ఎర్రగడ్డలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ప్రభుత్వ ఆస్పత్రి. మెట్రోలో ఎర్రగడ్డ స్టేషన్‌లో దిగితే దగ్గరే. ఆ పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లు చాలామంది. చిన్నప్పటి నుంచి "ఎర్రగడ్డకి పంపిస్తా" అన్న వెక్కిరింత విని పెరిగాం కదా. అక్కడికి వెళ్లడం నామోషీ అనిపిస్తే ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా సైకియాట్రిస్ట్‌ని కలవచ్చు. ఫోన్‌లో మాట్లాడి తేల్చుకోవాలంటే 14416 ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలీ మానస్ లైన్ అది. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. వ్యసనాల కోసమే నడిచే జాతీయ హెల్ప్‌లైన్ 14446.

ఏఏ ఏం చేస్తుంది, ఏం చేయదు

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని అక్రన్ ఊళ్లో మొదలైంది. తాగుడు మానడానికి తంటాలు పడుతున్న ఒక స్టాక్ బ్రోకరూ, ఒక సర్జనూ ఒకరికొకరు తమ గోడు చెప్పుకోవడంతో పుట్టింది. ఇప్పటికీ అక్కడ జరిగేది అదే. తాగి మానినవాడు తాగుతున్నవాడితో మాట్లాడతాడు. సభ్యుడు కావడానికి ఒకే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు, ఫారం లేదు, ఆధార్ అడగరు, కులం మతం అడగరు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. చివర్లో ఒక సంచీ తిప్పుతారు, సభ్యులు పదో ఇరవయ్యో వేస్తారు. గది అద్దె, టీ ఖర్చు అందులోంచే. కొత్తవాళ్లు వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఏఏ మందులు ఇవ్వదు, ఆస్పత్రి నడపదు, ఉద్యోగం ఇప్పించదు, అప్పు ఇవ్వదు. ఎవరైనా "మా ఏఏ రిహాబ్ సెంటర్‌లో మూడు నెలలు పెట్టండి, ఇంత కట్టండి" అంటే అది ఏఏ కాదు. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాళ్లకి గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో ఇచ్చే కౌన్సెలింగ్‌కీ దీనికీ సంబంధం లేదు. అది పోలీసులది. అక్కడ చూపించిన వీడియోలు చూసి "నేను కౌన్సెలింగ్ చేయించుకున్నా, లాభం లేదు" అనేవాళ్లని చూశాను. మీటింగ్ గడప తొక్కకముందే తీర్పు చెప్పేస్తే ఎలా?

దీనివల్ల నిజంగా ఫలితం ఉంటుందా అని అడిగే హక్కు మీకుంది. 2020లో, వైద్య అధ్యయనాలని కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్షలో 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మంది వివరాలు పరిశీలించారు. మనిషిని ఏఏ వైపు ఒక పద్ధతిలో నడిపించే చికిత్సలు, పూర్తిగా మానేసి అలాగే ఉండే విషయంలో, కౌన్సెలింగ్ లాంటి ఇతర చికిత్సల కన్నా మెరుగ్గా పనిచేశాయని తేలింది. అందరికీ పనిచేస్తుందని దాని అర్థం కాదు. ప్రయత్నించదగ్గదని మాత్రం ధీమాగా చెప్పొచ్చు.

ఫోన్ చేయడం

దేశం మొత్తానికీ ఏఏ కార్యాలయం ముంబైలో ఉంది. ఏఏ ఇండియా అని వెతికితే వాళ్ల సైట్ వస్తుంది, అందులో హెల్ప్‌లైన్ నంబర్, ఊళ్లవారీగా మీటింగుల వివరాలు ఉంటాయి. వాటిలో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండూ చూడండి. మీ ఇంటికి దగ్గరి మీటింగ్ రెండో ఊరి పేరు కింద ఉండొచ్చు. గూగుల్ మ్యాప్‌లో కనిపించిన సమయాన్ని నమ్ముకుని ఎప్పుడూ వెళ్లకండి. గ్రూపులు గది మారుస్తాయి, రోజు మారుస్తాయి. చాలా గ్రూపులు చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో ఒక్క గంట కోసం కలుస్తాయి, పరీక్షలప్పుడో పండగలప్పుడో ఆ గది దొరకదు. గేటుకి తాళం చూసి వెనక్కి తిరిగే కొత్తవాడు నేరుగా ఇంటికి పోడు కదా. అందుకే బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి.

ఆ ఫోన్ చేయడానికే చాలామందికి గొంతు పెగలదు. దాదాపు ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ. ఏఏ మీటింగ్ గురించి తెలుసుకుందామని."

"నమస్తే. చెప్పండి. మీ కోసమా, ఇంట్లోవాళ్ల కోసమా?"

"నా కోసమే."

"మంచిది. ఎక్కడుంటారు?"

"కూకట్‌పల్లి సైడ్."

"ఈ రోజు తాగారా?"

ఈ ప్రశ్నకి తడబడకండి. తిట్టడానికి అడగరు. చేతులు వణుకుతున్నాయా, ముందు డాక్టర్ దగ్గరికి పంపాలా అని తెలుసుకోవడానికి అడుగుతారు. అవతల మాట్లాడే మనిషి జీతగాడు కాదు, తనూ తాగి మానినవాడే. మీ అసలు పేరు చెప్పనక్కర్లేదు. మీరు అడిగి తెలుసుకోవాల్సినవి: ఏ రోజు, ఎన్నింటికి, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా, గేటు దగ్గర గుర్తేమిటి, అక్కడ ఎవరు కలుస్తారు. ఆఖరిది మర్చిపోవద్దు. "ఫలానా అన్న గేటు దగ్గర ఉంటాడు, ఫోన్ చేయండి" అని వాళ్లే ఏర్పాటు చేస్తారు. లోపలికి ఒంటరిగా నడవడానికీ, ఒకరు చేయి ఊపి పిలిస్తే నడవడానికీ చాలా తేడా ఉంటుంది.

ఎంచుకోవడం

ఓపెన్ మీటింగ్‌కి ఎవరైనా రావచ్చు: భార్య, అన్న, స్నేహితుడు, చదువుకునే విద్యార్థి. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్లకి మాత్రమే. తోడు లేకుండా వెళ్లలేననుకుంటే ఓపెన్‌తో మొదలుపెట్టండి. మనసు విప్పే మాటలు ఎక్కువగా క్లోజ్డ్ మీటింగ్‌లోనే వస్తాయని మా మామ అనేవాడు.

భాష గురించి మొహమాటపడకండి. సికింద్రాబాద్‌లో ఇంగ్లిష్‌లో సాగే మీటింగ్‌లో కూర్చుని, అర్థమైనట్టు తల ఊపి వచ్చేసి మళ్లీ వెళ్లని పెద్దాయన ఒకరు నాకు తెలుసు. తెలుగులో జరిగేదే అడగండి, లేదా తెలుగు హిందీ కలిపి మాట్లాడుకునే గ్రూపు అడగండి. హైదరాబాదీ గ్రూపుల్లో ఒకడు తెలుగులో మొదలుపెట్టి దక్కనీలో ముగించడం మామూలే.

దూరం. ఇక్కడ రెండు భయాలు ఒకదాన్నొకటి లాగుతాయి. ఇంటి పక్కనే అయితే తెలిసినవాళ్లు చూస్తారేమో, దూరమైతే ట్రాఫిక్‌లో ఓపిక చచ్చిపోతుందేమో. నా సలహా: మెట్రో లైన్ మీద కొన్ని స్టేషన్ల అవతల ఉన్నది. దిల్‌సుఖ్‌నగర్ మనిషి అమీర్‌పేట వైపు, మియాపూర్ మనిషి నాంపల్లి వైపు. అసలు లాభం ఏంటంటే మెట్రోలో వెళ్తే వైన్స్ ముందు బండి ఆపడం కుదరదు. బండి మీదే వెళ్లక తప్పకపోతే, రోజూ ఆగే షాపు తగలని దారి ముందురోజే చూసుకోండి, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే.

ఒక్క మీటింగ్ చూసి నచ్చలేదని వదిలేయొద్దు. గ్రూపు గ్రూపుకీ వాతావరణం మారుతుంది. కొన్నిచోట్ల పెద్దవయసు వాళ్లు, కొన్నిచోట్ల ఐటీ కుర్రాళ్లు. ఒకచోట నవ్వులు ఎక్కువ, ఒకచోట ప్రార్థన ఎక్కువ. కనీసం మూడు వేర్వేరు గ్రూపులు చూశాక ఒకదాన్ని సొంతం చేసుకోండి. మొదటి మూడు నెలలు వీలైతే రోజూ ఏదో ఒక మీటింగ్‌లో ఉండమంటారు, తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని పాత సభ్యుల లెక్క. ఊరు దాటి రోజూ వెళ్లలేని వాళ్లు మధ్య రోజుల్లో ఆన్‌లైన్ మీటింగ్ పెట్టుకుంటారు.

ఆడవాళ్లకి ఒక మాట. గదిలో మీరొక్కరే ఆడమనిషి కావచ్చు. తాగే ఆడవాళ్లు లేక కాదు, బయటికి రాలేక. ఫోన్ చేసినప్పుడే "లేడీ మెంబర్ ఎవరైనా ఉన్నారా, ఆమెతో మాట్లాడించండి" అని అడగండి. ఆన్‌లైన్‌లో ఆడవాళ్లకి మాత్రమే జరిగే మీటింగులున్నాయి, చాలామంది వాటితోనే మొదలుపెడతారు.

మొదటి సాయంత్రం

కడుపు నింపుకుని వెళ్లండి. ఖాళీ కడుపు, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ తాగాలన్న కోరికని రెచ్చగొడతాయని సభ్యులు పదేపదే చెప్తారు. ఏడున్నర మీటింగ్‌కి ఏడూ పదికే చేరుకోండి, మొదటి పలకరింపులు అయిపోతాయి.

గది ఎలా ఉంటుందో ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగానో వరసగానో వేసి ఉంటాయి. గోడకి రెండు బట్ట బ్యానర్లు వేలాడుతుంటాయి, ఒకదాని మీద మానేసి నిలబడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లు, ఇంకోదాని మీద గ్రూపులు నడిచే తీరు చెప్పే పన్నెండు సంప్రదాయాలు. మీటింగ్ అయ్యాక చుట్ట చుట్టి సంచిలో పెట్టేస్తారు. బల్ల మీద చిన్న గంట ఉంటుంది, రిజిస్టర్ లాంటిదేమీ ఉండదు. ఒక మూల ఫ్లాస్కులో టీ, పేపర్ కప్పులు, ఉస్మానియా బిస్కెట్లు. టైమవగానే గంట కొట్టి ఒకరు ఏఏ ఏమిటో చదువుతారు. తర్వాత ఒక్కొక్కరే "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెడతారు. మిగతావాళ్లు పేరు పెట్టి పలకరిస్తారు. నాలుగైదు నిమిషాలు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు, చర్చ పెట్టరు. మన తెలుగువాళ్లకి ఇదే వింత. ఎవరైనా కష్టం చెప్పుకుంటే "నువ్వు ఇలా చెయ్యి" అనకుండా ఉండటం మన ఇళ్లలో ఎక్కడ చూశాం?

మీరు మాట్లాడాల్సిన పని లేదు. మీ వంతు వస్తే "ఈ రోజు వింటానండీ" అంటే చాలు. ఆల్కహాలిక్‌ని అని చెప్పుకోవాలన్న నియమమూ లేదు. పేరు కూడా ఒక్కటే, ఇంటిపేరు అనవసరం. ఏం చేస్తారు, ఎక్కడ పనిచేస్తారు అని అడిగితే చెప్పకుండా నవ్వేయొచ్చు.

"తెలిసినవాళ్లు కనిపిస్తే?" ఈ భయం నన్ను అడగనివారు లేరు. కనిపించవచ్చు. మీ బ్యాంకు మేనేజరే ఎదురు కుర్చీలో ఉండొచ్చు. ఆయన కూడా మీలాగే వచ్చాడు, మీ గుట్టు ఆయన దగ్గర, ఆయన గుట్టు మీ దగ్గర. అక్కడ విన్నది అక్కడే వదిలేయాలన్నది ఏఏకి ప్రాణం లాంటి నియమం. కానీ వాట్సాప్ గ్రూపు విషయంలో జాగ్రత్త. అందులో చేరితే మీ నంబర్, ఫోటో అందరికీ కనిపిస్తాయి. చేరే ముందు డీపీ తీసేసి, పేరు మొదటి అక్షరానికి కుదించండి.

మీటింగ్ అయిపోగానే బయటికి పరుగెత్తకండి. అసలు విషయాలన్నీ టీ కప్పు పట్టుకుని నిలబడ్డ ఆ పావుగంటలో తెలుస్తాయి. ఇద్దరి ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. తీసుకోవడమే కాదు, మర్నాడు తాగాలనిపించకపోయినా ఒకరికి ఫోన్ చేసి "నిన్న కలిశాం కదన్నా" అనండి. ఊరికే ఒకసారి చేసిన నంబర్‌కే అవసరం పడ్డప్పుడు చేయి వెళ్తుంది. కొత్త నంబర్‌కి వెళ్లదు.

దేవుడు అడ్డొస్తే

పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, మనం అర్థం చేసుకున్న రీతిలో అన్న షరతుతో. చర్చి గదిలో మీటింగ్ అనగానే మతం మారుస్తారేమోనని అనుమానపడేవాళ్లున్నారు. గది అద్దెకి దొరికింది, అంతే. పాతబస్తీ నుంచి వచ్చిన ముస్లిం సోదరుడు, రోజూ హనుమాన్ చాలీసా చదివే మనిషి, ఏ దేవుణ్నీ నమ్మని వాడు ఒకే వరసలో కూర్చోవడం నేను చూశాను. నమ్మనివాళ్లు గ్రూపునే తమ కన్నా పెద్ద శక్తి అనుకుంటారు. అప్పటికీ మింగుడు పడకపోతే స్మార్ట్ రికవరీ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో దేవుడు లేడు. 1994లో అమెరికాలో మొదలైంది, ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే కసరత్తులు ఉంటాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఇంగ్లిష్ అలవాటున్నవాళ్లకి సుళువు.

స్పాన్సర్

కొన్ని వారాలు వెళ్లాక, ఎవరి మాటలు మీకు తగులుతున్నాయో గమనించి, కనీసం ఏడాదికి పైగా మానేసి ఉన్న ఒకరిని స్పాన్సర్‌గా ఉండమని అడగండి. మెట్లన్నీ మీతో నడిపించేది ఆయనే. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లే ఉండాలన్నది అనుభవంతో ఏర్పడ్డ ఆనవాయితీ, దాన్ని పాటించండి. అప్పు అడిగేవాడు, వ్యాపారంలో కలవమనేవాడు, సైకియాట్రిస్ట్ ఇచ్చిన మాత్రలు మానేయమనేవాడు స్పాన్సర్‌గా పనికిరాడు. ముఖ్యంగా ఆ మూడోది. ఎవరి మందుల విషయంలోనూ సభ్యులు డాక్టర్ వేషం వేయకూడదని ఏఏ సొంత పత్రాల్లోనే ఉంది.

ఇంట్లోవాళ్లకి

నాకు వచ్చే ఫోన్లలో సగం భార్యలవి, అక్కలవి. "మా ఆయన్ని ఎలాగైనా మీటింగ్‌కి తీసుకెళ్లండి అన్నయ్యా." తీసుకెళ్లలేను. తనకి మానాలని లేకపోతే అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు. కానీ మీరు ముందు వెళ్లొచ్చు. తాగేవాళ్ల కుటుంబాల కోసం అల్-అనాన్ ఉంది, 1951 నుంచి నడుస్తోంది. ఇంట్లో మనిషి మానినా మానకపోయినా మీరు ఎలా బతకాలో అక్కడ నేర్చుకుంటారు. ఆఫీసుకి "ఒంట్లో బాలేదు" అని ఆయన తరఫున అబద్ధం చెప్పడం, బాకీలు తీర్చడం, సీసాలు వెతికి పారబోయడం ఇక చాలని అర్థమయ్యేది అక్కడే. పిల్లలకి, టీనేజ్ వాళ్లకి అలటీన్ వేరుగా ఉంది.

ఆటోల వెనక, గోడల మీద "తెలియకుండా మద్యం మాన్పిస్తాం" అన్న ప్రకటనలు చూసే ఉంటారు. అన్నంలో, పప్పులో కలిపే పొడి. దయచేసి ఆ పని చేయకండి. అలాంటి పొడుల్లో డైసల్ఫిరామ్ ఉండే అవకాశం ఉంది. అది డాక్టర్ చూసి, తాగే మనిషి తెలిసి ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర. తెలియకుండా కలిపితే, ఆ మీద తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. బలవంతంగా రిహాబ్‌కి ఎత్తుకుపోయే వ్యాన్లూ అంతే. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక ఇబ్బందుల్నీ తన పరిధిలోకి తెచ్చింది. రోగి అంగీకారానికి, గుట్టుకి అందులో రక్షణ ఉంది.

మధ్యలో తాగేస్తే

తాగేస్తారు. అందరూ కాదు, చాలామంది. అప్పుడు చేయకూడని పని ఒకటే: మొహం చెల్లక మీటింగ్ మానేయడం. మర్నాడే వెళ్లండి. తాగి వచ్చినా గొడవ చేయకుండా కూర్చుంటే వెళ్లగొట్టరు, ఆ రోజు మాట్లాడొద్దంటారు అంతే. రోజులు మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటారు. ఎవరూ దెప్పరు. కానీ రెండు మూడు రోజులు వరసగా తాగి ఆపుతుంటే మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, విత్‌డ్రాయల్ మళ్లీ మొదటికొస్తుంది. తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మాత్రల గురించి అప్పుడు అడగండి. మీటింగ్‌కీ మాత్రలకీ పోటీ లేదు, రెండూ కలిపి వాడొచ్చు.

దావత్‌లు, బోనాలు, దసరా

కొత్తగా మానినవాడు జారిపోయేది ఎక్కువగా ఇక్కడే. పెళ్లి దావత్‌లో "ఒక్క పెగ్గే కదా బావా" అనే బావమరిది, టీమ్ పార్టీలో గ్లాసు చేతిలో పెట్టే మేనేజర్, దసరా రోజు మటన్ పక్కనే సీసా. మొదటి ఆరు నెలలు కుదిరినవన్నీ మానుకోవడం మేలు. తప్పనిసరైతే భోజనం టైమ్‌కి వెళ్లి, తిని, వచ్చేయండి, సిట్టింగ్ మొదలవక ముందే. సొంత బండి మీద వెళ్లండి, ఎవరి కారులోనో వెళ్తే వాళ్లు లేచేదాకా మీరూ కూర్చోవాలి. చేతిలో ఎప్పుడూ నిండు గ్లాసు సోడా ఉంచుకోండి, ఖాళీ చేయి చూస్తేనే పోస్తారు. అడిగితే "లివర్ డాక్టర్ వద్దన్నాడు" అనండి. ఇది అబద్ధమని మథనపడక్కర్లేదు, ఆ లివర్ మాట వింటే ఇంకోసారి అడగరు. వెళ్లే ముందు స్పాన్సర్‌కి ఫోన్, బయటికి రాగానే మళ్లీ ఫోన్. ఇంటికొచ్చాక రాత్రి పదకొండయినా ఎక్కడో ఒక ఆన్‌లైన్ మీటింగ్ నడుస్తూనే ఉంటుంది, అమెరికాలో అప్పటికి ఇంకా పగలే. దాని లింక్ బయల్దేరకముందే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.